ఉల్లిపాయ జ్వరం

“నోరు తెరువమ్మా... ఒక్క చెంచా... నీకు దణ్ణం పెడతా!”

చంటి జావ చెంచా ముందుకు చాచింది. మంచం మీద తల్లి పెదవులు బిగించి గోడవైపు తిరిగింది. ఇది మూడో రోజు! పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ, వాటితో పాటు మాటా పడిపోయి ఎనిమిది నెలలైంది. ఇంతకాలం పెట్టింది తిన్న మనిషి, మొన్న ఆ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి గుక్కెడు నీళ్ళు తప్ప ఏమీ ముట్టడం లేదు. ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సి వస్తుందని డాక్టరు చెప్పి వెళ్ళాడు.

ఆ ఉత్తరం కొండ మీది భూములు చూసే ఆఫీసు నుంచి వచ్చింది. తల్లి ఇన్నేళ్ళూ నడిపిన ఆడపిల్లల వేసవి శిబిరం పైకప్పు నిరుటి వానలకు కూలింది. వెనక రాతిగోడ జారింది. ఎండాకాలం లోపల బాగుచేయించకపోతే శిబిరం మూసేసి స్థలం వెనక్కి తీసుకుంటారట! శిబిరం సంఘానికి తల్లి తర్వాత చంటినే కార్యదర్శిని చేశారు గనక ఉత్తరం చంటి పేరనే వచ్చింది. చంటి భర్త బుద్ధిమంతుడే గానీ గొంతు చిన్నది కాదు. ముందు గదిలోని తన జిరాక్సు షాపులో నిలబడి ఆ ఉత్తరాన్ని రేడియోలో వార్తలు చదివినట్టు చదివాడు. వెనక గదిలో మంచానికి వినిపించనే వినిపించింది. మాట పోయింది గానీ చెవులు పోలేదు కదా ఆవిడకి!

“తప్పు నాదేలే” అన్నాడతను గుమ్మంలో నిలబడి, ఈసారి మెల్లిగా. “మనమే చందాలు అడుగుదాం. అత్తయ్య చేతి కింద పెరిగిన పిల్లలు వందలమంది ఉన్నారు. అడక్కపోతే అమ్మైనా అన్నం పెట్టదంటారు కదే!”

“అడిగినా రాని అమ్మను చూశాను లెండి నేను!” అనేసింది చంటి. అని, నాలుక కరుచుకుంది.

ఆ మాట వెనక ముప్ఫై ఏళ్ళ దుఃఖం ఉంది. కొండమ్మ! శిబిరానికి వచ్చిన ప్రతి ఆడపిల్లా చంటి తల్లిని అలాగే పిలిచేది. జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసేది కొండమ్మ, జడలు వేసేది కొండమ్మ, ఇంటి మీద బెంగ పెట్టుకుంటే పక్కలో పడుకోబెట్టుకునేది కొండమ్మ. మరి కొండమ్మ కన్న కూతురో? ఎండాకాలం వచ్చిందంటే ఆ పిల్ల మేనత్త ఇంట్లో! ‘పనిచేసేవాళ్ళ పిల్లలకు శిబిరంలో చోటు లేదు’ అని రూలు పెట్టిందే ఆవిడ. సొంత పిల్లకో న్యాయం, పరాయి పిల్లకో న్యాయం అని ఎవరూ వేలెత్తి చూపకూడదట! ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆవిడ రచ్చ గెలిచింది. ఇంటి సంగతి ఎవరడిగారు? చంటి తొమ్మిదో ఏట కడుపులో అపెండిక్సు పగిలి ఆస్పత్రి పాలైంది. మేనత్త వెంటనే కొండ మీదికి మనిషిని పంపింది. తలుపు చప్పుడైనప్పుడల్లా కళ్ళు తెరిచింది ఆ పసిది... నర్సు, నాన్న, నేల తుడిచే ఆవిడ, మళ్ళీ నర్సు... అమ్మ రాలేదు! ఎనిమిదో రోజున వచ్చింది. కుట్లు చూసి, “బాగానే మానిందే” అంది. అంతే!

ఎందుకు రాలేదమ్మా?... ఈ ఒక్క ప్రశ్న అప్పటినుంచీ చంటి నాలుక చివరే ఉండిపోయింది. పెళ్ళినాడు అడుగుదామనుకుంది. నాన్న పోయిన ఏడాది అడుగుదామనుకుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకుంది. తీరా గట్టిగా అడిగెయ్యాలనుకున్న ఏడాదే ఆవిడ నోరు పడిపోయింది! ఆ శిబిరం మూతపడితే పడనీ, పీడా పోతుంది అని లోలోపల అనుకోలేదా అంటే, అనుకుంది. ఆడవాళ్ళం మనలో మనకి దాపరికం ఎందుకు? నిజంగానే అనుకుంది!

కానీ కళ్ళెదుట ఎండిపోతున్న తల్లిని చూస్తూ ఎంతసేపని బిగబట్టుకుంటుంది? చెంచా గిన్నెలో పడేసి భోరుమంది.

“సరే! నీ శిబిరం నేను నిలబెడతాను. గడపగడపకీ తిరిగి అడుక్కుంటాను. సంతోషమేనా? ఇప్పుడైనా తిను!”

తల్లి నెమ్మదిగా ఇటు తిరిగింది. నోరు తెరిచింది!

ఇచ్చిన మాట మెడకు చుట్టుకుంది. తల్లి పాత నోటుపుస్తకంలో మూడు వందల పైచిలుకు చిరునామాలున్నాయి. మొగుడూ పెళ్ళాలిద్దరూ కూర్చుని విజ్ఞప్తి రాశారు. షాపులో మిగిలిపోయిన లేతపచ్చ కాగితాల మీద జిరాక్సులు తీసి, కవర్లు అంటించి పంపారు. చంటి స్వయంగా బడులకూ, బ్యాంకులకూ, కొట్లకూ తిరిగింది. “కొండెక్కి ఆడపిల్లలు ఏం నేర్చుకుంటారమ్మా, దిగడమా?” అన్నాడు బట్టల కొట్టాయన, తన జోకుకి తనే పొట్ట పట్టుకుని నవ్వుతూ. ఏడవలేక ఆవిడా నవ్వింది. నవ్వినందుకైనా పదో పరకో ఇస్తాడేమోనని! ఇవ్వలేదు.

జవాబులు రాసాగాయి. చందా చిన్నది, ఉత్తరం బారెడు. రోజూ మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని చంటి వాటిని పైకి చదవాలి. ‘మా కన్నతల్లి కూడా మమ్మల్ని అంత ప్రేమగా చూడలేదు...’ ‘నాకు గవదలు వచ్చినప్పుడు పది రోజులు నా పక్కనుంచి కదల్లేదు...’ ‘కొండమ్మ చెయ్యి నెత్తిన పడితే చాలు, నిద్ర పట్టేసేది...’ తన కంచంలో అన్నం ఎవరో తినేసి, అది ఎంత కమ్మగా ఉందో వచ్చి తనకే చెబుతున్నట్టుండేది చంటికి. తల్లి కళ్ళు మెరిసేవి. చంటి మరో కవరు చింపేది. ఏం చేస్తుంది? ఆ ఉత్తరాలు విన్నాకే ఆవిడ నాలుగు ముద్దలు తినేది!

ఇంత చేసినా, వచ్చినదంతా పైకప్పు రేకులకు సరి. జారిన గోడ జారినట్టే ఉంది. గడువు ఇరవై రోజుల్లోకి వచ్చింది. చంటికి అన్నం సయించడం మానేసింది.

అలాంటప్పుడు వచ్చిందావిడ. ఒకప్పుడు ఆ శిబిరంలో గడిపిన పిల్లే, ఇప్పుడు పరుపుల ఫ్యాక్టరీ యజమానురాలు! వెంట ఓ ఇంజనీరు, చేతిలో చుట్టిన ప్లాను కాగితాలు.

“గోడా కప్పూ నేను బాగుచేయిస్తాను చెల్లీ! పక్కనే ఇంకో భవనం కట్టిస్తాను. నలభై మంది వచ్చేచోట నూరు మంది పిల్లలు రావాలి” అంది కుర్చీలో కూర్చోకుండానే. “కానీ ముందు కొండమ్మతో ఒక మాట చెప్పాలి. అది చెప్పకుండా ఈ డబ్బిస్తే నాకు నిద్రపట్టదు. పరుపులమ్మేదాన్ని, నాకే నిద్ర లేకపోతే ఎలా?”

ఇంజనీరును ముందు గదిలో కూర్చోబెట్టి, చంటి ఆవిడను లోపలికి తీసుకెళ్ళింది. తల్లి గుర్తుపట్టింది. ఎడమ చెయ్యి చాచింది. ఆ చెయ్యి రెండు చేతులా పట్టుకుని మంచం పట్టె మీద కూలబడిందావిడ.

“కొండమ్మా... ఆ ఏడాది నాకు పదకొండేళ్ళు. మా అమ్మ పోయిన మూడో నెల. నాన్న నన్ను నీ దగ్గర దింపి చక్కా పోయాడు. నాకు జ్వరమొచ్చింది, గుర్తుందా? వారం రోజుల పైన! అది... అది జ్వరం కాదు కొండమ్మా! వంటింట్లోంచి ఉల్లిపాయ దొంగిలించి చంకలో పెట్టుకున్నా. ఒళ్ళు కాలుతుందని పెద్దపిల్లలు చెప్పారు. నువ్వు అటు తిరగ్గానే థర్మామీటరు వేడినీళ్ళ గ్లాసులో ముంచేదాన్ని. నువ్వు నా పక్కనే ఉండాలని!”

చంటి తలుపు పట్టుకుని నిలబడింది.

“రెండో రోజు కింద నుంచి ఎవరో చీటీ తెచ్చారు. మీ అమ్మాయికి ఆపరేషను, వెంటనే రమ్మని. నువ్వు సంచి సర్దుకున్నావు. నీ చెయ్యి పట్టుకుని, ‘నువ్వెళ్తే చచ్చిపోతా’ అని ఏడ్చాను. నువ్వు ఆ సంచి కింద పెట్టేశావు...” ఆవిడ వెనక్కి తిరిగి చంటిని చూసింది. “ఆ అమ్మాయివి నువ్వే కదూ? క్షమించు చెల్లీ! నీకు నాన్న ఉన్నాడు, మేనత్త ఉంది. నాకు ఆ ఉల్లిపాయ తప్ప ఎవరున్నారు?”

చంటి పట్టుకున్న తలుపు వదిలేసింది. అయితే... అమ్మ మోసపోయింది! నిజంగా జ్వరమనుకుంది! పాపం, పరాయిపిల్ల ప్రాణం మీదికొచ్చిందనుకుని ఉండిపోయింది! అన్నేళ్ళుగా గుండెలో పేరుకున్నదేదో ఒక్కసారిగా కరగసాగింది. అమ్మను క్షమించడానికి జన్మలో మొదటిసారి ఓ కారణం దొరికింది. పరుగున వెళ్ళి ఆ పాదాల మీద పడబోయింది.

అంతలో తల్లి ఎడమ చెయ్యి పైకి లేచింది. మెల్లిగా ముక్కు దగ్గరికి వెళ్ళింది. రెండు వేళ్ళతో ముక్కు మూసుకుని, మొహం చిట్లించి, పరుపులావిడ చంకవైపు కళ్ళతో చూపించి... వంకరపోయిన మూతితోనే నవ్వింది!

“వాసనొచ్చిందా? నీకు తెలుసా? అప్పుడే తెలుసా కొండమ్మా!” పరుపులావిడ నవ్వుతూ, వెక్కుతూ ఆవిడ గుండెల మీద తల వాల్చేసింది.

చంటి ఉన్నచోటే నిలిచిపోయింది. దొరికిన కారణం అర నిమిషమైనా మిగల్లేదు. దాన్ని అమ్మే తన చేత్తో లాగేసుకుంది!

“తెలిసీ... తెలిసి కూడా నా దగ్గరికి రాలేదా అమ్మా?”

అడిగేసింది! ఆ మాట ఇంత చిన్నదిగా, ఇంత నెమ్మదిగా బయటికొస్తుందని చంటే అనుకోలేదు. తల్లి నవ్వు ఆగిపోయింది. పెదవులు కదిలాయి. గొంతులో ఏదో గురగురమంది గానీ మాట కాలేదు. కంటి చివర నుంచి నీళ్ళు చెవిలోకి కారాయి. చెయ్యి చాచింది. చంటి దగ్గరికి వెళ్ళగానే ఆ చెయ్యి పొట్ట మీద కుడివైపు, సరిగ్గా పాత కుట్ల మీద ఆనింది. అక్కడే ఉండిపోయింది.

ఏమిటి దానర్థం? తప్పయిపోయిందనా? నీ గాయం మానుతుందని తెలుసు, ఆ పిల్లదే మానదనా? నువ్వు నా దానివే కదా, నువ్వు ఆగుతావులే అనుకున్నాననా? ఎవరు చెబుతారు! అడగడానికి ఈవిడకు ముప్ఫై ఏళ్ళు పట్టింది. చెప్పడానికి ఆవిడకు నోరు లేదు. చంటి ఆ చేతి మీద తన చెయ్యి వేసుకుని, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. తల్లికి కునుకు పట్టేదాకా అలాగే నిలబడింది.

ముందు గదిలో భర్త జిరాక్సు మిషను పక్కకు జరిపి ప్లాను పరిచాడు. కార్యదర్శి సంతకం కావాలి. ఆ ఒక్క సంతకం పెట్టకపోతే శిబిరం ఉండదు. తన బాల్యాన్ని తినేసిన ఆ ఇల్లు ఇంకా పెద్దదవడానికి తనే సంతకం పెట్టాలి! కాదనే శక్తి లేదు, ఔననే మనసూ లేదు. పడక గదులు, భోజనాల హాలు, జబ్బుచేసిన పిల్లలకు వేరే గది... అన్నీ ఉన్నాయి. ఓ చివర నిర్వాహకురాలి గది. చంటి పెన్సిలు తీసుకుని దాని పక్కన ఇంకో గది గీసింది. గీత వంకర పోయింది.

“ఇదెవరికమ్మా?” అన్నాడు ఇంజనీరు.

“అక్కడ పనిచేసే ఆడవాళ్ళ పిల్లలకి.”

“వాళ్ళకి చోటు లేదని రూలు ఉందట కదా?”

“ఉంది. తీసేస్తున్నాను.”

లోపలి నుంచి వచ్చిన పరుపులావిడ కళ్ళు తుడుచుకుంటూ వెనకే నిలబడింది. ఆ గది వైపు చూసి తల దించుకుంది.

“ఎన్ని మంచాలు పట్టాలి?” అన్నాడు ఇంజనీరు స్కేలు తీస్తూ.

“ఎన్నైనా వెయ్యండి” అంది చంటి, సంతకం పెడుతూ. “పిల్ల పిలిస్తే తల్లికి వినబడాలి. అంతే.”

ఇంజనీరు తలూపి, ఆ రెండు గదుల మధ్య తలుపు గుర్తు గీశాడు.