చిరునామా కాలమ్

పట్టపగలు, నడిబజారులో, మారుపేరుతో బతుకుతున్న మన గూఢచారిని శత్రు ముఠా కాల్చి చంపింది. అతని చిరునామా హెడ్‌క్వార్టర్స్ డేటాబేస్‌లో తప్ప ఇంకెక్కడా లేదు.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టాలి," అన్నాడు చీఫ్. "ఈసారి వాళ్లు వెతికేది సూదిని."

ఏజెంట్ డేగ చటుక్కున లేచి నిలబడ్డాడు. సూది అంటే అతని సొంత అక్క. సరిహద్దుకవతల ఎక్కడో దర్జీ కొట్టు నడుపుతోంది.

ఏసీ మెకానిక్ వేషంలో డేగ సర్వర్ రూమ్ తలుపు తట్టాడు.

"ఫిల్టర్ మార్చాలి."

"మొన్నేగా మార్చారు?"

"మొన్న వేసింది పాతది."

కోడ్ సరిపోయింది. తలుపు తీసింది బావ, అక్క మొగుడు. డేటాబేస్ తాళాలన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. పొద్దుట్నుంచీ ఏడ్చినట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"నా అనుమానం ఆ ఆడిటర్ మీదేరా," అన్నాడు గాజు గోడ అవతలికి చూపిస్తూ. అక్కడ ముత్యాల దుద్దులావిడ తాపీగా టైప్ చేస్తోంది. ముఠాని వదిలి మనవైపు వచ్చానని అందరినీ నమ్మించిన అందగత్తె. "జీతాలు సరిచూస్తానంటే ఏజెంట్ల వివరాలున్న టేబుల్ మొత్తం చూసే పర్మిషన్ ఇచ్చాను. పొద్దున్నే చిరునామా కాలమ్ ఒక్కటీ రివోక్ చేశాలే, ఆ పర్మిషన్ వెనక్కి తీసేసుకున్నా. ఇక ఆవిడకి చిరునామాలు కనపడవు."

డేగ కళ్లజోడు అంచు నొక్కాడు. లెన్స్ జూమ్ అయింది. దారి ఇంకా తెరిచే ఉందో లేదో చూసుకోవడానికి కాబోలు, చచ్చిపోయినవాడి చిరునామా మళ్లీ తీసింది ఆవిడ. అది స్క్రీన్ మీద చక్కగా వచ్చింది. దాని కింద ఇప్పుడు సూది పేరు కొడుతోంది.

"బావా, ఆవిడకి చిరునామాలు కనిపిస్తున్నాయి!"

"రివోక్ చేశాన్రా! ఎర్రర్ కూడా రాలేదు..." బావ ముఖం పాలిపోయింది. "అయ్యో! టేబుల్ పర్మిషన్ అలాగే ఉండగా ఒక్క కాలమ్ తీసేస్తే ఏం లాభం? ఇంటి తాళంచెవి చేతిలో పెట్టి వంటింట్లోకి రావద్దన్నట్టు! మొత్తం టేబుల్ వెనక్కి తీసుకుని, పేరూ జీతం కాలమ్‌లు మాత్రమే ఇవ్వాల్సింది. నా చేతులతో నేనే మీ అక్కని చంపుకుంటున్నాన్రా!"

"ఏడుపు తర్వాత. కొట్టు బావా!"

బావ హడావుడిగా ఆ కమాండ్ కొట్టసాగాడు. ఒక అక్షరం తప్పు పడింది. ఎర్రర్! మళ్లీ మొదలెట్టాడు. గాజు అవతల ఎర్రగోరు ఎంటర్ మీదికి దిగుతోంది. డేగకి ఎన్నడూ దండం పెట్టని దేవుళ్లు కూడా గుర్తొచ్చారు.

ఇద్దరూ ఒకేసారి నొక్కినట్టే ఉంది.

ఆవిడ స్క్రీన్ మీద ఒకే లైన్ వచ్చింది: పర్మిషన్ డినైడ్.

ఆవిడ బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ పిస్టల్ తీసేలోపే డేగ వెళ్లి ఆ చెయ్యి ఒడిసిపట్టాడు. "ఏసీ బాగానే ఉంది కదా మేడమ్, చెమటలు పడుతున్నాయేం?"

వెనక బావ కుర్చీలో కూలబడి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. "మీ అక్కకి మాత్రం చెప్పకు బామ్మర్దీ."

"ఎక్కడికెళ్లి చెప్పను బావా? ఆ కాలమ్ చూసే పర్మిషన్ నాకూ లేదుగా!"