మారెన్ వైపు

జూన్ వచ్చిందంటే ఎమ్మెట్‌ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. వంటింటి బల్ల మీద పటం పరిచి, అది లేచిపోకుండా అంచున కాఫీ కప్పు పెట్టి, కెటిల్ లేక్ దాకా వేలితోనే నడిచిపోతాడు. వయోమింగ్ కొండల్లో పదివేల అడుగులు దాటాక ఉంటుంది ఆ సరస్సు. జూలై దాకా దాని మీద మంచు వదలదు. ఆ పటం చూస్తేనే లోర్నాకు ఒళ్లు మండేది.

కారణం మారెన్. ఎమ్మెట్ మొదటి భార్య. ఆరేళ్ల కిందట పొద్దున్నే నీళ్లు తేవడానికని వెళ్లి ఆ సరస్సులోనే మునిగిపోయింది. అంత చల్లటి నీళ్లు మనిషిని మళ్లీ పైకి తేల్చవు. శవం దొరకలేదు. బతికున్న సవతి అయితే జుట్టూ జుట్టూ పట్టుకోవచ్చు, చచ్చినదానితో ఏం పోట్లాడగలం? దానికి వయసు పెరగదు, మోకాళ్లు నొప్పెట్టవు, పెనం మీద పాన్‌కేక్ మాడదు. లోర్నాతో పెళ్లయిన ఈ రెండేళ్లూ ఎమ్మెట్ ఒక్కడే కొండెక్కి వచ్చాడు. ఈ ఏడు లోర్నా మొండికేసింది.

"ఈసారి నేనూ వస్తా. లేదంటే నువ్వూ వెళ్లకు."

"రా, ఎవరొద్దన్నారు?" అన్నాడు ఎమ్మెట్ పటం మీంచి తలెత్తకుండా.

ఆ మధ్యాహ్నమే గ్యారేజీ అటక మీంచి సామాను దింపారు. టెంటు, పొయ్యి, ఎలుగుబంట్లకు అందకుండా తిండి దాచే డబ్బా. వాటి వెనక, లోపల దూరి పడుకునే స్లీపింగ్ బ్యాగులు రెండు, ఆకుపచ్చదొకటి, ఎర్రదొకటి. అవి జతవి. పచ్చదానికి జిప్పు కుడి పక్క, ఎర్రదానికి ఎడమ పక్క. రెంటినీ కలిపి లాగితే ఇద్దరు పట్టే ఒకే పరుపు అవుతుంది. కలిపే ఉన్నాయి.

"ఒక్కడివే వెళ్లేవాడివి కదా, రెండెందుకు మోసుకెళ్లావు?" అంది లోర్నా.

"పైన చలెక్కువ" అన్నాడు ఎమ్మెట్. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఎర్రది మారెన్‌దని లోర్నాకు అర్థమైపోయింది. మర్నాడు అతను పనికి వెళ్లగానే జిప్పు విడదీసి, ఎర్రదాన్ని పక్క ఊళ్లో చర్చివాళ్ల పాత సామాన్ల కొట్లో పడేసింది. అటునుంచి అటే వెళ్లి నీలం రంగుది కొత్తది కొనుక్కొచ్చింది. "నీ ఎర్రదాన్ని ఎలుకలు కొరికేశాయి, పారేశా" అని చెప్పింది. ఎమ్మెట్ మిగిలిన పచ్చదాన్ని చుట్టి పక్కన పెట్టాడు. తర్వాత, "పోన్లే" అన్నాడు.

ఆ ఊళ్లో కొండెక్కేవాళ్లకు ఒక అలవాటుంది. పైకి వెళ్లేముందు ఒక రాత్రి పెరట్లోనే టెంటు వేసుకుని పడుకుంటారు. చిరిగిందేదో, కారేదేదో ఇక్కడే తేలిపోవాలి. పైన తేలితే ప్రాణం మీదికొస్తుంది. ఆ శనివారం వీళ్లూ టెంటు వేశారు. పక్క వీధిలో ఉండే ఎమ్మెట్ చెల్లెలు వెర్నా బీరు సీసా పట్టుకుని తమాషా చూడ్డానికి వచ్చింది.

లోర్నా మోకాళ్ల మీద కూచుని, నీలంబ్యాగు జిప్పు ఆకుపచ్చదానికి తగిలించబోయింది. తగల్లేదు. తిప్పింది. ఊహూఁ.

"అయ్యో వదినా, రెండూ కుడివే!" వెర్నా పగలబడి నవ్వింది. "కొనేముందు చూసుకోవద్దూ? రెండు కుడి చెప్పులు కొన్నట్టుంది నీ పని!"

"నవ్వింది చాల్లే, ఇంటికి పో" అన్నాడు ఎమ్మెట్. వెర్నా వేళాకోళం కంటే, అతను ఆ పచ్చదాని ఖాళీ జిప్పును వేళ్లతో తడమడం లోర్నాకు ఎక్కువ గుచ్చుకుంది.

చీకటి పడింది. ఇద్దరూ విడివిడిగా పడుకున్నారు. ఎమ్మెట్ వెంటనే గురక పెట్టాడు. లోర్నా కళ్లు తెరిచి టెంటు గుడ్డనే చూస్తోంది. ముందు గడ్డి వాసన, పొరుగింటివాళ్లు కాల్చిన మాంసం వాసన. కాసేపటికి అవి రెండూ పోయాయి. వాటి చోట తడిరాయి వాసన వచ్చింది. కరిగే మంచు వాసన.

టప్.

ఎక్కడో చుక్క పడింది. నెల్నాళ్లుగా వాన లేదు.

టప్... టప్...

తర్వాత జిప్పు చప్పుడు. నెమ్మదిగా. ఒక్కో పన్నూ పట్టుకుంటూ...

"దగ్గరికి రా" అన్నాడు ఎమ్మెట్ నిద్రలో. "వణికిపోతున్నావు."

ఇంత మెత్తగా అతను ఎప్పుడూ పిలవలేదు. లోర్నా గుండె ఉప్పొంగింది. చెయ్యి చాపింది. ఇద్దరికీ మధ్య ఇంకేదో తగిలింది. గుడ్డ. తడిసి, వేళ్లు కొంకర్లు పోయేంత చల్లగా ఉంది.

అతను పిలిచింది తనను కాదు.

నిజం చెప్పాలంటే, ముందు ఆమెకు భయం వేయలేదు, కోపం వచ్చింది. టార్చి వెలిగించింది. ఎర్రబ్యాగు. ఆకుపచ్చదానికి కలిసిపోయి ఉంది. తల ఉండే చోట ఖాళీ. మిగతాదంతా ఉబ్బి ఉంది... మెల్లగా లేస్తోంది. దిగుతోంది.

"నా మొగుడు!" అని గొణిగి లోర్నా ఆ జిప్పు పట్టుకుని కిందికి లాగింది. లోపల్నుంచి ఎవరో పైకి లాగారు.

"ఇది నా వైపు" అంది లోపలి గొంతు, చాలా మామూలుగా.

లోర్నా ఎలా బయటపడిందో, ఇంట్లోకి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. వంటింటి తలుపు గడియ పెట్టి, తెల్లారేదాకా ఆ తలుపుకే ఆనుకుని కూచుంది. ఎమ్మెట్‌ను అక్కడే వదిలేశానన్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా లేవబోయేది. గడియ మీద చెయ్యి వేసి, మళ్లీ కూలబడేది.

పొద్దున ఎమ్మెట్ తనే వచ్చి తలుపు కొట్టాడు. పెదాలు నీలం. ముఖం మాత్రం వెలిగిపోతోంది. రెండేళ్లలో అంత సంతోషంగా ఎన్నడూ కనబడలేదు.

"రాత్రంతా వదల్లేదు కదే నన్ను!" అంటూ నవ్వాడు. "నీ కాళ్లు మంచుగడ్డలనుకో. అయినా బాగుంది. మనకి ఇన్నాళ్లూ ఏమైందో..."

లోర్నా అతని భుజం మీంచి పెరట్లో టెంటు వైపు చూసింది.

"నువ్వన్నదే ఖాయం" అన్నాడతను కాఫీ పోసుకుంటూ. "ఈసారి కిందికి దిగొద్దు అన్నావు కదా. అక్కడే ఉండిపోదాం అన్నావు. సరే. ఉండిపోదాం."

అది నేను కాదు అని చెబితే చాలు. కానీ చెబితే, ఈ వెలుగంతా ఎవరిదో అతనికి తెలిసిపోతుంది. మారెన్ అక్కడ ఎదురుచూస్తోందని తెలిస్తే ఇవాళే పరిగెత్తుకెళ్తాడు. చెప్పకపోతే, లోర్నాకు మాటిచ్చానని వెళ్తాడు. ఎటు చూసినా వెళ్తాడు. అలాంటప్పుడు ఆ ఒక్క రాత్రినైనా దానికెందుకు వదిలిపెట్టాలి?

"నేనే అన్నాను" అంది లోర్నా.

ఎమ్మెట్ ఈల వేసుకుంటూ ట్రక్కులో సామాను సర్దడానికి వెళ్లాడు. లోర్నా పెరట్లోకి వెళ్లి టెంటు తలుపు పైకెత్తింది. ఎర్రబ్యాగు లేదు. ఆకుపచ్చదీ, కొత్త నీలందీ మాత్రమే ఉన్నాయి. రెండూ ఒకదానికొకటి చివరిదాకా జిప్పు పెట్టి ఉన్నాయి.

ఆమె వంగి చూసింది. నీలందాని జిప్పు ఎడమ పక్కకు మారి ఉంది. ఎర్ర దారంతో, దగ్గరదగ్గరగా, ఎవరో ఓపిగ్గా చేత్తో కుట్టారు. దారం ఇంకా తడిగానే ఉంది.