మూడు నమూనాలు, ఒక్కటీ బతకలేదు

ఆమె కుర్చీలో కూర్చోలేదు. మూడు కాగితాలు బల్లమీద పడేసి, "వీటిని ఎవరు చంపుతున్నారో మీరే తేల్చాలి" అంది.

టైపిస్టు ఉలిక్కిపడి టైపు ఆపేసింది. వీధంతా కళ్ళజోడు గారని పిలిచే ఆ డిటెక్టివు మాత్రం తాపీగా చదివాడు. ఇంటి దగ్గరే నమూనా తీసి ల్యాబుకి పంపే వీర్య పరీక్ష రిపోర్టులవి. మూడింట్లోనూ ఒకటే మాట: కణాల సంఖ్య బాగానే ఉంది, ఒక్కటీ బతికిలేదు, మళ్ళీ పంపండి.

"ఐదేళ్ళుగా సూదులన్నీ నాకే గుచ్చారండీ. ఆయన ఆస్పత్రికి రానంటే రానన్నాడు. కాళ్ళావేళ్ళా పడితే ఇంట్లో అయితే సరేనన్నాడు. ఇప్పుడు అదీ ఇక చాలంటున్నాడు. ఆయన రిపోర్టు లేందే డాక్టరమ్మ నాకు వైద్యం మొదలుపెట్టదు!"

"నమూనా ల్యాబుకి ఎంతసేపట్లో చేరుతుంది?"

"అరగంటలో. వాళ్ళ మనిషి గుమ్మంలోనే కాచుకుని ఉంటాడు."

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"మా అత్తయ్య, మూడు నెలల పాపతో పుట్టింటికి వచ్చిన మా వదిన. వాళ్ళకి షుగర్ పరీక్షని చెప్పాం. ఆయనే అలా చెప్పమన్నాడు."

సాయంత్రం టైపిస్టుతో కలిసి ఆ ఇంటికి వెళితే వదినగారు గుమ్మంలోనే ఆపేసింది. "చెప్పులు బయటే. ఆ సంచి ఇలా ఇవ్వమ్మా, తుడిచిస్తాను. పాప ఉన్న ఇల్లు."

తడిసిన సంచి మందు వాసన కొడుతుంటే టైపిస్టు ముక్కు మూసుకుంది. వంటింట్లో బకెట్టు నిండా క్రిములు చంపే తెల్లటి మందు నీళ్ళు. అందులో పాలసీసాలు, చెంచాలు, ఎవరిదో దువ్వెన కూడా.

"మా వాడికి షుగరేమిటండీ?" అని అత్తగారు అందుకుంది. "మా వంశంలోనే లేదు. అంతా కోడలి పైత్యం!"

"ఈవిడే సార్," అని టైపిస్టు గుసగుసలాడింది. "కోడలంటే గిట్టదు."

"గిట్టకపోతే మొహం మీదే తిడుతుంది. చాటుగా చేసే రకం కాదు."

భర్త గడియారాలు బాగుచేస్తాడు. వెంట్రుకంత స్ప్రింగుని చెయ్యి వణక్కుండా పట్టుకునే మనిషి, ఈ మాట ఎత్తగానే చెవులు ఎర్రబడి నేల చూశాడు.

"ల్యాబు పంపిన డబ్బా మీ చేతికెవరిచ్చారు?"

"గూట్లో ఉంటే తీసుకున్నాను."

"లోపల నమూనా పట్టే కప్పుకి సీలుందా?"

"సీలా? లేదే. ఉత్త కప్పే."

"దాంతో వచ్చిన కాగితం చదివారా?"

"అందులో చదవడానికేముందండీ!"

కళ్ళజోడు గారు అందర్నీ హాల్లో కూర్చోబెట్టాడు. భర్త వద్దని చెయ్యి ఊపాడు. భార్య "చెప్పండి" అంది.

"అది షుగర్ పరీక్ష కాదు, వీర్య పరీక్ష. కణాలు చాలినన్ని ఉన్నాయి, కాబట్టి లోపం మనిషిలో ఉందని ఇంకా చెప్పలేం. అరగంటలో ల్యాబుకి చేరుతున్నాయి, కాబట్టి దారిలో చావలేదు. ఇక మిగిలింది కప్పే. కడగకూడదనే దానికి సీలు వేసి పంపుతారు. ఈయన చేతికొచ్చేసరికి సీలు లేదు. అమ్మా, బయటినుంచి వచ్చిన డబ్బాని మీరేం చేస్తారు?"

వదినగారు పాపని గట్టిగా హత్తుకుంది. "విప్పి, కప్పు మందు నీళ్ళలో నానబెట్టి ఆరేశాను. మూడుసార్లూ. తమ్ముడికి మంచిదే కదా అనుకున్నా... నాకెవరైనా చెబితేగా!"

"ఆ మందు తడి ఆరినా పోదు. వాటిని చంపింది అదే."

భర్త దిగ్గున లేచాడు. "అందరి ముందూ పరువు తీశారు. ఇక నావల్ల కాదు."

"కూర్చో!" అంది భార్య. ఆ గొంతుకి పాప ఏడుపు లంకించుకుంది. "ఐదేళ్ళు నన్ను బల్లమీద పడుకోబెట్టి ఎంతమంది చూశారో ఎప్పుడైనా అడిగావా? నువ్వు గదిలో తలుపేసుకుని చేసే పనికి పరువా? మూడు నమూనాలు పోయాయి, ఒక కప్పు గురించి ఒక్క మాట చెప్పుకోలేక!"

అత్తగారు ఏదో అనబోయి, కొడుకు మొహం చూసి మానుకుంది. వదినగారు పాపని భుజాన వేసుకుని జోకొడుతోంది.

భర్త జేబులోంచి ఫోను తీశాడు.

"ల్యాబేనా? ఇంకొక డబ్బా పంపాలండీ... వీర్య పరీక్షదే... ఆ, నాకే. ఇంట్లో ఇంకెవరికీ ఇవ్వొద్దు. నా చేతికే ఇవ్వండి."