సిరోంచ సాక్షి

నాగపూర్ హోటల్లో ఆ మనిషి కాఫీ కప్పు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే చచ్చిపోయాడు. గుండెపోటు అన్నాడు డాక్టరు. చెవి వెనక సూది గుచ్చిన గుర్తు గురించి మాత్రం ఆయన ఏమీ అనలేదు.

"జెనీవా నుంచి వచ్చిన వరల్డ్ రైట్స్ కమిషన్ ఇన్వెస్టిగేటర్," అన్నాడు సీక్రెట్ సర్వీస్ చీఫ్ భీమ్‌రావు, ఫోటో టేబుల్ మీదికి తోస్తూ. "నువ్వు ఇప్పుడే సిరోంచకు బయలెల్లాలె."

ఏజెంట్ రేఖ. కోడ్ నేమ్ ప్రాణహిత. పుట్టి పెరిగింది ఆ పక్కనే, అహేరిలో.

"వరల్డ్ రైట్స్ కమిషన్ ఎట్ల పనిచేస్తదో ఎరుకేనా?"

"పేరు పెద్దది సర్. లోపల ఏముందో తెల్వదు."

"లోపల తుపాకీ లేదు, జైలు లేదు, ఒక్క పోలీసు లేడు. అందుకే కాపాడుతమని సాక్షికి ఏనాడూ పూచీ ఇయ్యరు. మీద కూసునేది సభ్యదేశాలు ఎన్నుకున్న నిపుణులు. ఎన్నికైనంక వాళ్లు సొంత దేశం మాట సుత వినరు. కింద సెక్రటేరియట్. ఫిర్యాదు అక్కడికి పోతది. వాళ్లు ఆ దేశానికి రాస్తరు, జవాబు తెప్పిచ్చుకుంటరు. ఆ దేశం సరే అంటేనే ఇన్వెస్టిగేటర్ వచ్చి సాక్షి మాట వింటడు. వాళ్లకున్న ఆయుధం ఆ మాట ఒక్కటే."

"ఈ కేసుల సాక్షి?"

"భాగ్య. సిరోంచ పిల్ల. సిల్వర్ గేట్ ముఠా కంప్యూటర్ నౌకరీ అని తీస్కపోయి సముద్రం అవతల గోడల నడుమ పడేసింది. ఫోన్లల్ల జనాన్ని మోసం చేపిచ్చింది. తప్పిచ్చుకొచ్చింది ఈమె ఒక్కతే. ముఠా బాస్ మొకం చూసింది ఈమె ఒక్కతే. మిగతా పిల్లలు ఇంకా లోపలనే."

ఎవరు కన్న పిల్లలో. ఎన్ని ఇళ్లలో ఫోను మోగితే తల్లుల గుండె ఆగిపోతోందో.

"ఇంకో ఇన్వెస్టిగేటర్ హెలెనా దారిల ఉంది. ఫోటో లేదు. సాక్షుల క్షేమం కోసం కమిషన్ తన మనుషుల మొకాలు బయట పెట్టదు."

"నేను ఆ గదిలనే కూసుంట సర్."

"గదే చిక్కు. సాక్ష్యం చెప్పే గదిల సర్కారు మనిషి కాలు పెడితే ఆ సాక్ష్యం చెల్లదు. భయపెట్టి చెప్పిచ్చిన్రంటరు. నువ్వు లోపలికి పోతే కేసు ఖతం. పోకుంటే..."

ఆయన అక్కడే ఆపేశాడు. ఆపడమే మంచిది. అలాంటి మాటలు నోటితో అనకూడదు.

మర్నాడు పొద్దెక్కాక, నెత్తిన చీరల మూటతో రేఖ సిరోంచలో కరీమ్ చాయ్ హోటల్ ముందు ఆగింది. మూటలో పిస్టల్, చెవి కమ్మలో రేడియో. మబ్బు కమ్మింది కానీ చుక్క రాలలేదు. గాలి కూడా కదలడం లేదు. అలా ఉన్న రోజు ఏదో ఒకటి జరిగి తీరుతుంది.

నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, నడుము దాకా జుట్టు. బెంచీ మీద కూర్చున్న స్వీటీని చూడక తప్పదు. ముఠా ఆమెను కమిషన్‌లో దుభాషిగా దూర్చింది. ఆమె ఆ సంగతి భీమ్‌రావుకు చేరవేసి, అప్పటి నుంచి రెండు వైపులా పనిచేస్తోంది.

"పెర్మిలిల వాన పడ్డదా అక్కా?" కోడ్ విసిరింది రేఖ.

"జింగనూర్‌ల మబ్బే ఉంది. చీర రంగు పోతదా?"

సరిపోయింది. స్వీటీ గొంతు తగ్గించింది. "హెలెనా మేడం వచ్చింది. అసలు మనిషే, నేను చూసిన. జర పరేషాన్ గాకు."

అడగకుండా భరోసా ఇచ్చే మనిషిని రేఖ ఎప్పుడూ నమ్మదు. కానీ కోడ్ సరిగ్గా ఉంది. ఏం చేస్తుంది?

భాగ్య తల్లి నర్సక్క అంగన్‌వాడీలో వంట చేస్తుంది. ఆ ఇంటి అరుగు మీద రేఖ చీరలు పరిచేసరికి స్వీటీ, తెల్ల చొక్కా దొరసాని లోపలికి వెళ్లారు. చాయ్ గ్లాసులు లోపలికి పోయి ఖాళీగా వచ్చాయి. కాసేపటికి నర్సక్క కొంగుతో కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. వెనక గడియ పడింది.

"గీ యాల్లప్పుడు చీరలేందమ్మా? కొనేటోళ్లెవ్వలు?"

"కొనకుంటే మానె, చూడు అక్కా. ఏడ్సినవేంది?"

"ఏడుపు కాదు, పానం నిమ్మలమైంది. దొరసాని నా బిడ్డను ఒక్కదాన్నే ఇడ్సిపెట్టి బయట కూసోమన్నది. నేను పోనంటే పోనన్న. ఒట్టు పెడితేనే పోతనన్న."

"పెట్టిందా?"

"పెట్టక! గా స్వీటీ చెవుల ఏందో చెప్పింది, దొరసాని నా చేతిల చెయ్యేసింది. నీ బిడ్డకు ఏం గాదు, పూచీ నాది అన్నది. తెల్లోళ్లైతేంది, ఒట్టు ఇలువ ఎరుకున్నోళ్లు!"

రేఖ చేతిలోని చీర పారేసి లేచింది.

కమిషన్ మనిషి ఒట్టు పెట్టడు. నిలబెట్టుకోలేని మాట సాక్షికి ఇవ్వొద్దన్నది వాళ్లకు నేర్పే మొదటి పాఠం. కాపలాకు ఒక్క పోలీసు లేని సంస్థ, నీకేమీ కాదని ఏ ధైర్యంతో అంటుంది? సిరోంచ తల్లి ఒట్టు అడుగుతుందని, పెడితే కదులుతుందని తెలిసినది స్వీటీ ఒక్కతే.

లెక్క తప్పి ఆమె అసలు హెలెనాయే అయితే? తలుపు తోసిన మరుక్షణం సాక్ష్యం మట్టిలో కలుస్తుంది. గోడల మధ్య ఉన్న పిల్లలు ఇక ఎప్పటికీ అక్కడే.

రేఖ తలుపును తన్నింది.

"ఓ చీరలామె! నా తలుపు తంతవేందే!" నర్సక్క అరిచింది.

రెండో తన్నుకు గడియ ఊడింది. లోపల భాగ్య కుర్చీలో బిగుసుకుని ఉంది. దొరసాని ఆమె కాలర్‌కు మైకు సర్దుతున్నట్టు వంగింది. చేతిలోని రికార్డర్ చివర సన్నటి సూది, భాగ్య చెవికి వెంట్రుక దూరంలో.

రేఖ దూకి ఆ మణికట్టు విరిచింది. సూది గోడలోకి దిగింది. దొరసాని గుద్దు రేఖ పక్కటెముకలకు తగిలింది. రేఖ మోకాలు అంతకంటే గట్టిగా తగిలింది. దొరసాని కుప్పకూలింది.

"కదలకు, ప్రాణహితా!" స్వీటీ పర్సులోంచి పిస్టల్ తీసింది.

"ఎంతకు అమ్ముడువోయినవే?"

"నీ జీతంకన్న ఎక్కువకే."

ఆమె వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. అప్పుడే వెనకనుంచి నర్సక్క ఆమె జుట్టు పట్టి గుంజింది. సగం ఊడి చేతికొచ్చింది, సవరం. నర్సక్క దాన్ని పారేసి మిగిలిన సగం పట్టుకుంది. "మా ఇంట్ల చాయ్ తాగి మా పిల్లనే చంపుతవానే!" పేలిన తూటా పైకప్పు పెంకులోకి పోయింది. పిస్టల్ రేఖ చేతికి వచ్చింది.

కమ్మలో భీమ్‌రావు గొంతు గరగరలాడింది. "కమలాపూర్ మలుపు కాడ తొవ్వకు అడ్డంగా చెట్టు నరికిన్రు. అసలు హెలెనాను జీపుల కట్టేసిన్రు. పానంతోనే ఉంది, మనోళ్లు విడిపిచ్చిన్రు. పంపిస్తున్న."

హెలెనా వచ్చింది. నుదుటికి కట్టు, బట్టల నిండా దుమ్ము. ఆమెను తెచ్చిన జీపే స్వీటీని, నకిలీ దొరసానిని ఎక్కించుకుపోయింది. ముందుగా రేఖను వాకిలి దాటి నిలబడమంది. తర్వాత భాగ్యతో ఇంగ్లీషులో ఏదో చెప్పింది.

"ఏమంటున్నదే?" నర్సక్క.

"నీకేం గాదని మాట ఇయ్యలేను అంటున్నది అమ్మా. ఇష్టమైతేనే చెప్పు, నడుమల ఆపినా సరే, వద్దంటే గిప్పుడే పోత అంటున్నది."

"వద్దను బిడ్డా. ఆళ్లు మల్ల వస్తరు."

"చెప్పకున్నా వస్తరు." భాగ్య పడిపోయిన కుర్చీని లేపింది. "లోపల నా పక్కన పండుకున్న పిల్ల రోజూ తలుపు దిక్కే చూస్తుండె. దుభాషి వద్దు. ఆళ్లు కొట్టి నేర్పిన ఇంగ్లీషులనే చెప్త."

తలుపు మూసుకుంది. గడియ విరిగింది కనుక నర్సక్క బయటినుంచి దానికి వీపు ఆనించి కూర్చుంది. రోడ్డు మీద ఏ బండి చప్పుడైనా ఇద్దరాడవాళ్లూ తలెత్తుతున్నారు.

"మిషన్ అయిపోయినట్టేనా? రిపోర్టుల ఏం రాయాలె?" కమ్మలో భీమ్‌రావు అడిగాడు.

"పిల్ల మాట్లాడుతున్నది, ఎవ్వరు అడ్డం రావొద్దని రాయండి సర్," అంది రేఖ. "ముందుగాల మీరు గమ్మునుండుండ్రి."