నడిచి వెళ్లిన నెమలికంఠం చీర

మధ్యాహ్నం రెండూ పదికి సుందరలక్ష్మి క్లినిక్ గుమ్మం దాటి ఎండలోకి వెళ్లిపోయింది. సీసీ కెమెరా చెప్పింది అదే.

నాలుగూ ఇరవైకి ఎస్సై సుచరిత కానిస్టేబుల్‌తో కర్నూలులోని ఆ క్లినిక్ ముందు జీపు దిగింది. టోపీ మీద టప్పున నీటిచుక్క పడింది. తలెత్తితే మూడో అంతస్తు ఏసీ పైపు. తుడుచుకుని లోపలికి నడిచింది.

"మేడం, నా భార్య యాడికి పోయిందో! అన్నం తినొచ్చేలోపల మంచం ఖాళీగా ఉండాది!"

సుందరలక్ష్మి భర్త నాగసుబ్బయ్యకు నంద్యాలలో బట్టల అంగడి. గుమ్మంలోనే ఎదురొచ్చి సుచరితను ఆపాడు. రెండేళ్ల కిందట అతని భార్య బరువు నూట ఇరవై నాలుగు కిలోలు. నానా తంటాలు పడి అరవై ఆరుకు దిగింది. బరువైతే పోయింది గానీ చర్మం పోలేదు. పొట్ట కింద మడతలుగా వేలాడి, ఒరుసుకుని పుండ్లు పడేది. దాన్ని కోసి తీసి మూడు రోజులైంది.

సుచరిత వీడియో చూసింది. మాస్కు. తలమీద కొంగు. గబగబా నడక.

"ఈమేనా అన్నా?"

"ఆమెనే మేడం. ఆ నెమలికంఠం చీర నా అంగట్లోదే. నేనే ఏరి తెచ్చినా."

"పేషెంటు తనే వెళ్లిపోతే మేమేం చేస్తాం?" అన్నాడు డాక్టర్ ప్రదీప్‌కుమార్. ఎండాకాలం సరే, ఏసీ గదిలో అంత చెమటెందుకో.

సుచరిత కేస్ షీట్ తిప్పింది. ఒక గడి రెండు రోజులుగా ఖాళీ.

"ఈ ఇంజెక్షన్ దేనికి?"

"రక్తం గడ్డ కట్టకుండా."

"ఇవ్వకపోతే?"

"గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు."

"పోతే?"

డాక్టర్ కేస్ షీట్ మూయబోయాడు.

సుచరితకు భయం వేసింది. తొమ్మిదేళ్ల సర్వీసులో శవాలకు భయపడింది లేదు. బతికుందో లేదో తెలియని మనిషంటేనే ఆమెకు వణుకు. అప్పటికే రెండు గంటలు దాటింది.

వరండాలో ఒక పేషెంటు నర్సు చెయ్యి పట్టుకుని అడుగులో అడుగు వేస్తోంది. నడుము దాకా వంగిపోయి ఉంది.

"ఎందుకమ్మా అట్లా వంగినావు?"

"నిన్న కాదు మొన్న కడుపు చర్మం తీసినారు మేడం. నిటారుగా నిలబడితే కుట్లు తెగినట్టుంటాది. పది రోజులు ఇంతేనంట."

సుచరితకు టోపీ మీద పడిన నీటిచుక్క గుర్తొచ్చింది. లిఫ్టు దగ్గరికి పరుగెత్తింది. మూడో నంబరు బటన్ మీద కాగితం అంటించి ఉంది: రిపేరు జరుగుచున్నది. మెట్లెక్కి చూస్తే తలుపుకు తాళం.

నాలుగూ నలభైకి ముగ్గురినీ కంప్యూటర్ ముందు నిలబెట్టింది. నాగసుబ్బయ్య, డాక్టర్, హెడ్ నర్సు జీవిత.

"అన్నా, నువ్వు చీరను చూసినావు. మనిషిని చూడలేదు. బట్టల వ్యాపారివి, నీ కన్ను గుడ్డ మీదికే పోయింది. యాభై ఎనిమిది కిలోలు తగ్గిన ఆకారం నీకింకా అలవాటు కాలేదు. ఇప్పుడు నడక చూడు."

తెరమీద ఆ మనిషి నిట్టనిలువుగా, టకటకా మెట్లు దిగింది.

నాగసుబ్బయ్య తెరకు దగ్గరగా వంగాడు. "అమ్మా... నా భార్య పొద్దున బాత్రూముకు వంగి వంగి పోయింది కదా!"

"పొట్ట కోసిన మనిషి అట్లా నడవదు. ఈమె పేషెంటు కాదు. జీవితా, ఎత్తూ లావూ నీ మాదిరే ఉండాది, ఆ గుమ్మం దాకా ఒకసారి నడువు."

జీవిత నడవలేదు. అక్కడే కూలబడి ఏడ్చింది. "ఆమెకు ఊపిరాడకపోతే సారే ఆ చీర నన్ను కట్టుకోమన్న్యాడు మేడం. పోయిన నెలే ఒకామె చచ్చిపోయింది, ఇంకొకటైతే క్లినిక్ మూస్తారని..."

"మూడో అంతస్తు తాళం యాడ?"

"అక్కడ రిపేరు..." అన్నాడు డాక్టర్.

"మనుషులే లేని గదిలో ఏసీ ఎవరికప్పా?"

తాళంచెవి డాక్టర్ కోటు జేబులో దొరికింది. సుచరిత రెండేసి మెట్లు ఎక్కింది. వెనక నాగసుబ్బయ్య దేవుళ్లందరినీ పిలుస్తున్నాడు.

తలుపు తెరుచుకుంది.

సిమెంటు బస్తాల మధ్య స్ట్రెచర్. ఆక్సిజన్ మాస్కు పక్కకు జారిపోయింది. నీలిరంగు పెదవులు. సుచరిత ముక్కు దగ్గర వేలు పెట్టింది. చాలాసేపు ఏమీ తెలియలేదు. తర్వాత వెచ్చగా, సన్నగా తగిలింది.

"ఉండాది! బతికుండాది! వన్ నాట్ ఎయిట్‌కు ఫోన్ చెయ్యండి!"

నాగసుబ్బయ్య నేలమీద చతికిలబడి చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. కానిస్టేబుల్ రెక్క పట్టి ఆపితే డాక్టర్ తలుపు దగ్గర గొణిగాడు. "చీకటి పడ్డాక హైదరాబాద్ పంపిద్దామనుకున్నా మేడం. దేవుడి తోడు, కాపాడాలనే..."

మాస్కు సరిగ్గా పెడుతున్న సుచరిత మణికట్టును చల్లటి చెయ్యి పట్టుకుంది. సుందరలక్ష్మి కళ్లు తెరిచింది. డాక్టర్ వైపే చూసింది. ఒక్కో మాటకూ ఊపిరి వెతుక్కుంది.

"రెండుసార్లు... వచ్చినాడమ్మా. పోయిందా... ఇంకా పోలేదా... అని చూసి, మళ్ళా తాళమేసుకొని పోయినాడు."