రెండు వేళ్ల వంకర

వినోదను మొదటిసారి చూసినప్పుడు నా చేతిలో కొలత టేపు ఉంది. ప్రేమకు అది తగిన ఆరంభం కాదు.

నేను హనుమకొండలోని ఒక కాలేజీలో తత్త్వశాస్త్రం చెబుతాను. విద్యార్థులు ఏడుగురు. వారు కూర్చోవడానికని కొత్తవాడ నేతగాళ్ల దగ్గర ఒక జంపఖానా నేయించాను. తెచ్చి పరిస్తే ఒక అంచు రెండో అంచు కన్నా రెండు వేళ్లు పొట్టిగా ఉంది. మడిచి, తిరిగి అక్కడికే మోసుకుపోయాను.

"రెండు వేళ్లకా సారూ, గింత దూరం మోసుకొచ్చిండ్రు?" అంది వినోద, మగ్గం మీద ఇనుప పంజాతో పేకను దువ్వి కొడుతూ. నేసింది తనే, తండ్రి గట్టయ్యతో కలిసి.

"వంకర వంకరే కదండీ."

"పెద్ద జంపఖానా ఇద్దరం పక్కపక్కన కూసొని నేస్తం. ఇద్దరి దెబ్బ ఒక్క తీరు పడాలె. గా వారం మా బాపుకు, నాకు మాటల్లేవు."

"ఎందుకు?"

"సంబంధం తెచ్చిండు. నేను వద్దన్న. బాపు కోపమంత గా అంచు మీద పడ్డది."

పక్క పీట మీది గట్టయ్య తన పంజాను ఇంకాస్త గట్టిగా కొట్టాడు.

ఆ వివరణ నాకు నచ్చింది. అయినా నా వాదన కొనసాగించబోయాను. అప్పుడే పొత్తికడుపులో, కుడివైపున, ఎవరో ఆ పంజాతోనే కొట్టినట్టయింది. జంపఖానా మీద కూలబడ్డాను.

"కింద పడ్డా వాపస్ తీస్కోం సారూ," అంది వినోద.

నొప్పి వేరు, నొప్పిని గమనించే నేను వేరు అని పదేళ్లుగా పాఠం చెబుతున్నాను. ఆ తేడా రెండు నిమిషాలు కూడా నిలవలేదు. వాంతి అయ్యాక గానీ ఆమె నమ్మలేదు.

"బాపూ! సారు నిజంగనే పోతాండు!"

ఆటో వచ్చింది కానీ గల్లీలోకి రాలేకపోయింది. గల్లీ పొడవునా గుంజలకు కట్టి పడుగు సాగదీసి ఉంది. కొన్ని వందల దారాలు. దాన్ని విప్పేసరికి పొద్దు గూకుతుందన్నాడు గట్టయ్య. అందుకని నన్ను ఆ జంపఖానాలోనే పడుకోబెట్టి, నలుగురు నాలుగు మూలలు పట్టి, గోడను రాసుకుంటూ ఆటో దాకా నడిచారు. ఒక మూల వినోదది.

"ఒక దిక్కు ఒరుగుతోంది," అన్నాను.

"పొట్టి అంచు దిక్కు. ఒర్రకుండ, సప్పుడు చేయక పండుండ్రి."

దవాఖానలో అపెండిక్స్ అన్నారు. పగిలేలా ఉంది, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు. నేను సంతకం చేశాను. తోడు వచ్చినవారి సంతకం కూడా కావాలంది నర్సు. పరకాల నుంచి అమ్మ రావడానికి గంట పైనే పడుతుంది.

"పేషెంటుకు మీరేమైతరు?" అని నర్సు వినోదను అడిగింది.

వినోద కలం పట్టుకుని కాగితంలో 'సంబంధం' అన్న గడి వైపు చాలాసేపు చూసింది. అంత నొప్పిలోనూ, ఆమె అందులో ఏం రాస్తుందో తెలుసుకోవాలని నాకు అనిపించింది. అది నాకే వింతగా తోచింది.

'జంపఖానా నేసినామె' అని రాసింది.

నర్సు అది చదివి స్ట్రెచర్ నెట్టింది.

మూడో రోజు వినోద జావ తెచ్చింది. అమ్మ నా మంచం పక్కనే ఉంది.

"ఈ పిల్ల ఎవలు?"

నర్సు ఫైలు తిరగేసి చెప్పింది. "జంపఖానా నేసినామెనట."

అమ్మ ఆలోచించింది. "మంచిగనే నేసింది. మనిషి బరువు ఆపింది."

"నవ్వించకండి, కుట్లు లాగుతున్నాయి," అన్నాను.

"మేమెవ్వరం నవ్వుతలేం సారూ," అంది వినోద. నిజమే. నవ్వింది నేనొక్కణ్ణే.

నెలన్నర దాకా బరువులు ఎత్తవద్దన్నారు డాక్టరు. కాబట్టి జంపఖానా కొత్తవాడలోనే ఉండిపోయింది. నడవగలిగాక వారానికి రెండుసార్లు అక్కడికి వెళ్లి, నా ఫిర్యాదు ఎంతవరకు వచ్చిందని అడిగేవాణ్ణి. వాళ్లు నేస్తుంటే ఎదురుగా కుర్చీలో కూర్చునేవాణ్ణి.

"మీ ఏడుగురికి ఏం చెప్తరు సారూ?"

"నేనెవరు అనే ప్రశ్న."

"తెలిసిందా?"

"ఇంకా లేదు."

"జీతమిస్తాండ్రా?"

"ఇస్తున్నారు."

ఆమె తల ఊపి నేత కొనసాగించేది. తిరిగి వచ్చేటప్పుడు ప్రతిసారీ ఒకటే భయం. ఆ ఫిర్యాదు తీరిపోతే, మళ్లీ ఆ గల్లీలో అడుగు పెట్టడానికి నాకు కారణం మిగలదు.

ఒక సోమవారం అది తీరిపోయింది. వినోద కొత్త జంపఖానా నా ముందు పరిచింది. టేపుతో కొలిచాను. రెండు అంచులూ సమానం. అంతకన్నా బాధాకరమైన కొలత నేనెన్నడూ చూడలేదు.

"ఇప్పుడన్న ఖుషీయేనా?" అని మగ్గం దగ్గరికి వెళ్లి, తండ్రి పక్కన కూర్చుని పంజా కొట్టసాగింది.

"కాదు."

రెండు పంజాలూ ఆగాయి.

"ఇంకేడ వంకరున్నది?"

"దవాఖాన కాగితంలో," అన్నాను. "ఆ గడిలో మీరు రాసింది నిజమే. కానీ అది నాకు చాలడం లేదు. అక్కడ వేరే మాట ఉండాలని నా కోరిక. మీకు ఇష్టమైతేనే."

వినోద తెగకపోయినా ఒక దారాన్ని సరిచేసింది.

"గా మాట రాయాల్నంటె ముందుగాల పక్కన కూసొని చూడాలె," అంది, తండ్రి వైపు చూడకుండా. "దెబ్బ కలుస్తదో, కలవదో."

గట్టయ్య లేచాడు. ముప్పై ఏళ్లుగా ఆ చోట ఆయన తప్ప మరొకరు కూర్చోలేదు. కండువాతో పీట దులిపి, పంజా నా చేతికిచ్చాడు.

"కూసో బిడ్డా. కుట్లు జర భద్రం."

అప్పటిదాకా నేను ఆయనకు సారునే.

సాయంత్రానికి జానెడు నేశాం. గట్టయ్య నా టేపే తీసుకుని రెండు వైపులా కొలిచాడు. రెండోసారి కూడా కొలిచాడు.

"జానెడు గాలే, అప్పుడే వేలు వంకర," అన్నాడు.

"విప్పేద్దామా?" అన్నాను.

"ఉండనియ్ బాపూ," అంది వినోద. తర్వాత నా వైపు తిరిగింది. "కంప్లైంటు ఉంటెనే గద, రేపు మళ్ల వస్తవు."