మూడో కిలోమీటరు దగ్గర

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. ఆవిడకు ఆ ధ్యాసే లేదు. గుడ్డల పెట్టె ముందు కూర్చుని, భర్త పరుగు బూట్లను అడుగున దాచిపెడుతోంది. ఇరవై ఏళ్లుగా ఇంట్లోనే మిషను కుడుతున్న మనిషి. ఆ పెట్టె జోలికి ఎవరూ రారు.

ఎనిమిది నెలల క్రితం ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో కాగితాల కట్ట ఎత్తబోయి కుప్పకూలిపోయాడు. గుండెకు స్టెంటు వేశారు. కోలుకున్నాక నడక మొదలుపెట్టాడు. ఆ నడక కాస్తా పరుగయింది. ఈ రోజు ఐదు కిలోమీటర్ల పందెం, ఆయన జీవితంలో మొదటిది. పేరు రాయించింది కూతురే.

"అమ్మా, పాలు!" కూతురు ఉరికొచ్చి పొయ్యి ఆపింది.

ఆయన గదిలోంచి వచ్చాడు. బనీనుకు నంబరు కాగితం పిన్నులతో గుచ్చి ఉంది. "నా బూట్లు చూశావా?"

"మీ బూట్లకు నేనేమన్నా కాపలానా?"

ఆయన మంచం కిందా, తలుపు వెనకా వెతికాడు. కూతురు మాత్రం తల్లి ముఖం ఒక్కసారి చూసి, తిన్నగా వెళ్లి పెట్టె తెరిచింది.

"ఏంటమ్మా ఇది, చిన్నపిల్లలా?"

"అవునే, చిన్నపిల్లనే. అక్కడ మీ నాన్నకేమన్నా అయితే ఎవరు దిక్కు? నువ్వా?"

"డాక్టరు నెమ్మదిగా పరుగెత్తమనే చెప్పాడుగా!"

"డాక్టరుకేం, చెప్పేసి తన ఇంటికి తను పోతాడు. ఆ రోజు ఆసుపత్రి వరండాలో కూర్చున్నది నేను."

ఆయన బూట్లు అందుకున్నాడు. గొంతు పెంచలేదు. "బాత్రూములో రెండు నిమిషాలు ఆలస్యమైతే తలుపు బాదుతావు. నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తావు. నేను మేలుకునే ఉంటాను, తెలుసా? బతికే ఉన్నానే నేను. నువ్వే రోజుకోసారి నన్ను చంపి చూసుకుంటున్నావు."

ఆవిడ ముఖం పాలిపోయింది. "వెళ్లండి. మీ సరదా తీర్చుకోండి. నేను మాత్రం రాను."

ఇద్దరూ వెళ్లిపోయారు. ఆవిడ మిషను ముందు కూర్చుంది. దారం తెగింది. మళ్లీ ఎక్కించింది. కుట్టు వంకరపోయింది. గంటసేపు అలా తంటాలు పడి, ఇక కూర్చోలేక చెప్పులేసుకుని బయలుదేరింది.

పందెం ముగిసేచోట కూతురు ఒంటరిగా నిలబడి ఉంది. "నాన్న ఇంకా రాలేదమ్మా. ఫోను ఎత్తట్లేదు."

"నువ్విక్కడే ఉండు. ఇటొస్తే ఫోను చెయ్యి" అని ఆవిడ పందెం దారినే ఎదురు నడిచింది. నడక కాదది, పరుగే. ఎదురొచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఎవరో రోడ్డు మీద కాగితపు గ్లాసులు ఏరుతున్నారు. మూడో కిలోమీటరు బోర్డు దగ్గర, ఫుట్‌పాత్ అంచున ఆయన కనిపించాడు. పక్కన ఒక నర్సు నిలబడి ఉంది.

"ఏమైందండీ? నొప్పా?"

"నొప్పి లేదు."

"రెండుసార్లు చూశానమ్మా, అంతా బాగానే ఉంది" అంది నర్సు. "లేవమంటే లేవడం లేదు. వ్యాను వస్తోంది."

ఆయన తల వంచుకున్నాడు. "కొంచెం ఆయాసం వచ్చింది. అందరికీ వచ్చేదే. కానీ ఆ రోజు కూడా ఇలాగే మొదలైంది కదా... కాళ్లు కదల్లేదు. ఫోను మోగుతున్నా ఎత్తలేకపోయాను. భయమేసిందే."

పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆ మాట ఆయన నోట ఆవిడ వినలేదు.

"రోజూ భయమే. పరుగెత్తితే పోతుందనుకున్నా. అదీ నాతోపాటే పరుగెత్తుతోంది."

ఆవిడ ఆయన పక్కనే చతికిలబడింది. ఈ భయం తనొక్కదానిదే అనుకుని, ఇన్నాళ్లూ మోసి మోసి ఆయన మీద విసుక్కుంది. పక్కనున్న మనిషీ అంతే బరువు మోస్తున్నాడని ఒక్కనాడూ తోచలేదు. కళ్లనీళ్లు ఆగలేదు.

"నాకొక్క మాట చెప్పొచ్చుగా!"

"నీ ముఖం చూశాక చెప్పబుద్ధయ్యేది కాదు."

వ్యాను వచ్చి ఆగింది. "ఎక్కించమంటారా?" అడిగింది నర్సు.

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంది. "నడవడం మంచిదేనా అమ్మా?"

"మెల్లగా అయితే నిక్షేపంగా నడవొచ్చు."

"అయితే నడుస్తారు. నేనూ తోడుంటాను."

కూతురికి ఫోను చేసి చెప్పి, ఆయన చెయ్యి పట్టుకుంది. మధ్యమధ్య ఆగుతూ, ఆ రెండు కిలోమీటర్లూ నడిచారు. చేరేసరికి అక్కడ జెండాలు విప్పేస్తున్నారు. కూతురు మాత్రం గీత దగ్గరే నిలబడి ఉంది.

"ఈ నాలుగడుగులూ పరుగెత్తనా?" ఆయన అడిగాడు.

వద్దనే మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, చెయ్యి వదిలింది.

ఆయన మెల్లగా పరుగు తీశాడు. ఆవిడ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తూనే, రెప్ప వాల్చకుండా చూస్తూ నిలబడింది.